వేదిక మీద గిటారు స్పష్టంగా వినిపించాలంటే



పోయినేడాది ఉగాది సంబరాల్లో మా సంఘం పిల్లలు బ్యాండు కట్టి ఐదు తెలుగు పాటలు వాయించారు. ఒక ఎలక్ట్రిక్ గిటారు, ఒక బాస్ గిటారు, ఒక కీబోర్డు, డ్రమ్స్, పాడటానికి ఇద్దరు అమ్మాయిలు. కార్యక్రమం అయ్యాక ముందు వరుసలో కూర్చున్న ఒక మామ్మగారు మమ్మల్ని దగ్గరికి పిలిచి, "పిల్లలు బాగా కష్టపడ్డారు నాయనా. కానీ పాడింది తెలుగో ఒడియావో మాకు తెలియలేదు" అన్నారు.

ఆ మాట మమ్మల్ని బాగా బాధపెట్టింది. గంజాం జిల్లాలోని మా ఊళ్లో పిల్లలు బళ్లో ఒడియా, ఇంగ్లీషు చదువుతారు. ఇంట్లో తెలుగు మాట్లాడతారు గానీ చాలామందికి చదవడం రాదు. పాడిన అమ్మాయిలిద్దరూ పాటలను ఒడియా అక్షరాల్లో రాసుకుని మూడు నెలలు నేర్చుకున్నారు. అంత కష్టపడి నేర్చుకున్న మాటలు గిటారు మోతలో కొట్టుకుపోయాయి.

తర్వాతి వారం కమిటీ సమావేశంలో రెండు ప్రతిపాదనలు వచ్చాయి. వచ్చే ఏడు గిటారు వద్దు, ట్రాకు పెట్టి పాడిద్దాం అన్నది ఒకటి. ఇంకా పెద్ద ఆంప్ కొందాం అన్నది రెండోది. రెండింటినీ వాయిదా వేయమని మేమే కోరాం. గిటారు తీసేస్తే ఆ కుర్రాళ్లు సంఘం గడప తొక్కరు. పెద్ద ఆంప్ కొంటే డబ్బూ పోతుంది, మోతా పెరుగుతుంది. ఆ తర్వాత పిల్లలూ మేమూ మైకుసెట్టు కుర్రాడూ కలిసి కొన్ని ఆదివారాలు ఖాళీ మండపంలో కూర్చుని, తప్పు ఎక్కడ జరిగిందో ఒక్కొక్కటిగా చూశాం. హోసూరులో, బళ్లారిలో, షోలాపురంలో, యానాంలో కార్యక్రమాలు జరిపే సంఘాలకూ పనికొస్తుందని తెలుసుకున్నదంతా ఇక్కడ రాస్తున్నాం.

ముందే ఒక్క మాట. స్పష్టత వేరు, గట్టిదనం వేరు. అందరూ ఒకేసారి అరిచే చోట ఇంకొకరు గొంతు పెంచితే ఎవరి మాటా వినపడదు. గిటారు స్పష్టంగా వినిపించాలంటే చాలావరకు తగ్గించుకోవాలే గానీ పెంచుకోవడం కాదు.

పుట్టిందే వినిపించడం కోసం

తమాషా ఏమిటంటే, ఎలక్ట్రిక్ గిటారు పుట్టింది స్పష్టత కోసమే. 1920ల నాటి అమెరికా బ్యాండుల్లో బాకాలు, డ్రమ్స్ మధ్య మామూలు గిటారు వినిపించేది కాదు. తీగ కదలికను అయస్కాంతంతో పట్టి విద్యుత్తుగా మార్చే పికప్‌తో జార్జ్ బోషాంప్ అనే వాద్యకారుడు 1931లో ఒక గిటారు నమూనా చేయించాడు. పెనం ఆకారంలో ఉండేది కాబట్టి దానికి 'ఫ్రైయింగ్ పాన్' అని పేరు. 1937లో దానికి పేటెంటు వచ్చింది. 1939లో చార్లీ క్రిస్టియన్ అనే యువకుడు బెన్నీ గుడ్‌మన్ బృందంలో చేరి, బాకాలకు దీటుగా గిటారు మీద ఒక్కొక్క స్వరాన్నీ విడివిడిగా వినిపించాడు.

మనవాళ్ల దగ్గరికి వస్తే పాలకొల్లులో పుట్టిన యు. శ్రీనివాస్ ఉన్నారు. మాండొలిన్‌కు మామూలుగా నాలుగు జంట తీగలుంటాయి. ఆయన ఎలక్ట్రిక్ మాండొలిన్ మీద జంటలు మానేసి ఐదు ఒంటి తీగలతో కర్ణాటక సంగీతం వాయించారు. తీగలు తగ్గాయి గానీ గమకం ఎక్కడా తగ్గలేదు. కరెంటు వాద్యం అంటే మోతే అనుకునే పెద్దలకు మేము ఆయన పేరే చెబుతాం.

తీగ దగ్గర మొదలు

శబ్దం తీగ దగ్గర పుడుతుంది. అక్కడ మసకగా ఉంటే ఆ తర్వాత ఎన్ని మీటలు తిప్పినా ప్రయోజనం లేదు. మా కుర్రాడి గిటారుకు ఏడాదిగా అవే తీగలు. చెమట, తుప్పు పట్టిన తీగకు మెరుపు పోతుంది, శ్రుతి కూడా సరిగా నిలవదు. కార్యక్రమానికి రెండు మూడు రోజుల ముందు కొత్త తీగలు వేసి, సాగదీసి, మళ్లీ మళ్లీ శ్రుతి చేసుకోవాలి. అదే రోజు వేస్తే వేదిక మీద శ్రుతి జారుతుంది. గిటారు, బాస్, కీబోర్డు మూడూ ఒకే ట్యూనర్‌తో సరిచూసుకోవాలి. శ్రుతిలో కాస్త తేడా ఉన్నా వినేవారికి 'తేడా' అనిపించదు, 'మసక' అనిపిస్తుంది.

పికప్‌లలో ముఖ్యంగా రెండు రకాలు. ఒకే తీగచుట్ట ఉన్న సింగిల్ కాయిల్ శబ్దం పలచగా, తేటగా ఉంటుంది గానీ చుట్టుపక్కల కరెంటు రొదను కూడా పట్టుకుంటుంది. రెండు చుట్టలు ఉన్న హంబకర్‌ను 1955లో గిబ్సన్ కంపెనీలో సేత్ లవర్ తయారుచేశాడు. అందులో ఒక చుట్ట పట్టిన రొదను రెండోది రద్దు చేస్తుంది. శబ్దం లావుగా, నిండుగా ఉంటుంది. ఏ రకమైనా, మెడ దగ్గరి పికప్ గుండ్రంగా, బ్రిడ్జి దగ్గరిది పదునుగా పలుకుతుంది. ఇంట్లో ఒంటరిగా వాయించేటప్పుడు మెడ పికప్ హాయిగా ఉంటుంది. బ్యాండులో అదే బాస్‌తో కలిసిపోయి మాయమవుతుంది. మా కుర్రాడు ఐదు పాటలూ మెడ పికప్‌తోనే వాయించాడని తర్వాత తెలిసింది.

ఇక కేబుల్. గిటారు నుంచి వచ్చే సంకేతం చాలా బలహీనం. కేబుల్ పొడవు పెరిగే కొద్దీ పై స్వరాల మెరుపు దారిలోనే పోతుంది. ఆంప్ వరకు 20 అడుగులు మించకుండా చూసుకోవడం మంచిది. అంతకంటే దూరం పోవాలంటే డీఐ బాక్సు అనే చిన్న పెట్టె కావాలి. అది గిటారు సంకేతాన్ని మైకు కేబుల్‌లో పోయేలా మారుస్తుంది. అలా మారిన సంకేతం 100 అడుగులు పోయినా పెద్దగా చెడదు. గిటారు కేబుల్‌ను నేరుగా మిక్సర్ లైన్ ఇన్‌పుట్‌లో గుచ్చితే మాత్రం శబ్దం దుప్పటి కప్పినట్టు వస్తుంది.

ఇంటి శబ్దం మండపంలో ఎందుకు చెడుతుంది

"అంకుల్, ఇంట్లో బాగానే ఉంటుంది, ఇక్కడికొచ్చాకే పాడవుతోంది" అని మా కుర్రాడి ఫిర్యాదు. అబద్ధం కాదు. దీనికి కారణం మన చెవి. శబ్దం చిన్నగా ఉన్నప్పుడు చెవికి లోతు స్వరాలు, బాగా పై స్వరాలు సరిగా ఆనవు. మధ్య స్వరాలే ఎక్కువగా ఆనతాయి. శబ్దం పెరిగే కొద్దీ ఆ తేడా తగ్గుతుంది. బెల్ ప్రయోగశాలల్లో ఫ్లెచర్, మన్సన్ అనే ఇద్దరు 1933లో దీన్ని కొలిచి చూపించారు.

ఇంట్లో అమ్మా నాన్నా పడుకున్నాక చిన్న వాల్యూమ్‌లో సాధన చేసే కుర్రాడు ఏం చేస్తాడు? నిండుగా వినపడటానికి బాస్ పెంచుతాడు, ట్రెబుల్ పెంచుతాడు, మిడ్ బాగా తగ్గిస్తాడు. అదే అమరికతో మండపానికి వచ్చి వాల్యూమ్ పెంచగానే బాస్ పొంగిపోతుంది, ట్రెబుల్ చెవిలో గుచ్చుకుంటుంది. గిటారు అసలు గొంతు ఉండే మధ్య భాగం ఖాళీగా ఉండిపోతుంది. ఆ ఖాళీలోకి డ్రమ్స్, కీబోర్డు వచ్చి కూర్చుంటాయి. తన గిటారు తనకే వినపడక కుర్రాడు వాల్యూమ్ ఇంకా పెంచుతాడు.

మందు చాలా సులువు. వేదిక మీద మూడు మీటలనూ మధ్యలో పెట్టి మొదలుపెట్టాలి. తర్వాత బాస్ తగ్గించాలి, మిడ్ కొద్దిగా పెంచాలి. ఒంటరిగా వింటే ఆ శబ్దం ముక్కుతో పలికినట్టు, సన్నగా అనిపిస్తుంది. కంగారు పడకూడదు. బ్యాండు మొత్తం మొదలయ్యాక అదే తేటగా నిలబడుతుంది. ఒంటరిగా బాగుండే శబ్దం, నలుగురిలో బాగుండే శబ్దం ఒకటి కావు. మా పిల్లలకు దీన్ని నమ్మించడానికి రెండు ఆదివారాలు పట్టింది.

ఆంప్ వాట్ల సంగతి కూడా చెప్పాలి. వాట్లు రెండింతలైతే శబ్దం 3 డెసిబెల్ మాత్రమే పెరుగుతుంది. చెవికి రెండింతలు అనిపించాలంటే దాదాపు 10 డెసిబెల్, అంటే వాట్లు పది రెట్లు కావాలి. అందుకే 15 వాట్ల ఆంప్ తీసేసి 30 వాట్లది కొంటే ఒరిగేది కొంచెమే. ఈ లెక్క చెప్పాక మా కోశాధికారి గారు ఊపిరి పీల్చుకున్నారు.

డిస్టార్షన్ పులిహోరలో ఇంగువ

గెయిన్ మీట పెంచితే శబ్దం గరగరలాడుతుంది. దాన్ని డిస్టార్షన్ అంటారు. కుర్రాళ్లకు అదంటే మోజు. తప్పు లేదు. పులిహోరలో ఇంగువ లాంటిది, చిటికెడు ఉంటే రుచి, చెంచాడు వేస్తే అన్నం పారబోయాలి.

దీని వెనక ఒక లెక్క ఉంది. డిస్టార్షన్‌లోకి రెండు స్వరాలు కలిపి పంపితే, ఆ రెండిటి కూడిక, తీసివేతల నుంచి మనం వాయించని స్వరాలు కూడా పుడతాయి. షడ్జం, పంచమం కలిపితే వాటి నిష్పత్తి 2కు 3 కాబట్టి పుట్టే కొత్త స్వరం కింది షడ్జమే అవుతుంది. చెవికి ఇబ్బంది లేదు. తంబురాలో స, ప ఎంత నిబ్బరంగా ఉంటాయో మనకు తెలిసిందే. రాక్ వాద్యకారులు పవర్ కార్డ్ అని వాయించేది ఈ రెండు స్వరాలనే. మధ్యలో గాంధారం కూడా చేర్చి, ఆరు తీగలూ ఒకేసారి మీటితే పుట్టే అదనపు స్వరాలు ఒకదానితో ఒకటి కొట్లాడుకుంటాయి. మనం మసక అంటున్నది ఆ కొట్లాటనే.

కాబట్టి గరగర కావాలంటే రెండు తీగలు చాలు. నిండు కార్డు కావాలంటే గరగర తగ్గించాలి. గిటారు మీదే ఉన్న వాల్యూమ్ మీట ఇక్కడ అక్కరకొస్తుంది. చరణం పాడుతున్నప్పుడు దాన్ని 10 నుంచి 6కో 7కో తగ్గిస్తే గరగర దానంతట అదే తేటపడుతుంది. పాట ఆగి వాద్యం వచ్చే చోట మళ్లీ 10కి తెచ్చుకోవచ్చు. ఇంట్లో ఎంత గెయిన్ పెట్టుకుంటారో వేదిక మీద అందులో సగంతో మొదలుపెట్టమని మేము చెబుతున్నాం.

ఎకో, రివర్బ్‌లకూ ఇదే వర్తిస్తుంది. చిన్న గదిలో అవి అందాన్నిస్తాయి. కల్యాణ మండపంలో నేల టైల్సు, గోడలు గట్టివి, పైన రేకులు. ఆ మండపమే ఒక పెద్ద ఎకో పెట్టె. మేము వాడే మండపం పొడవు సుమారు 30 మీటర్లు. శబ్దం సెకనుకు దాదాపు 340 మీటర్లు పోతుంది. వెనక గోడకు తగిలి వేదిక దగ్గరికి తిరిగి రావడానికి దాదాపు సెకనులో ఆరో వంతు పడుతుంది. ఈలోగా కుర్రాడు తర్వాతి స్వరం వాయించేస్తాడు. పాతదీ కొత్తదీ కలిసిపోతాయి. దాని మీద మనం మీట తిప్పి ఇంకో ఎకో పెడితే చెప్పేదేముంది? మండపంలో గిటారుకు రివర్బ్ సున్నాతో మొదలుపెట్టండి.

మైకుసెట్టు పెట్టెలను వెనక గోడ వైపు కాక, కాస్త కిందికి వంచి జనం వైపు తిప్పాలి. వెనక గోడకు టెంటు హౌస్ నుంచి తెచ్చిన మందపాటి తెరలు మడతలు మడతలుగా వేలాడదీస్తే ఇంకా మంచిది. పలచని గుడ్డ వల్ల పెద్దగా లాభం లేదు. ఇంకో సంగతి, ఖాళీ మండపంలో ఉన్నంత ఎకో జనం వచ్చాక ఉండదు. మనుషులు, బట్టలు శబ్దాన్ని పీల్చుకుంటారు. సాయంత్రం పరీక్షలో కాస్త గోలగా ఉందని భయపడి అన్నీ మార్చేయకూడదు. మొదటి పాట అయ్యాక ఒకసారి వెనక వరుస దాకా నడిచి విని, అప్పుడు సరిచేయాలి.

ఆంప్ ఎక్కడ పెట్టాలి

పోయినేడాది ఆంప్‌ను కుర్రాడి కాళ్ల వెనక, చెక్క వేదిక మీద, మూలకు పెట్టాం. మూడూ తప్పులే. స్పీకరు నుంచి లోతు శబ్దం నలువైపులా పాకుతుంది గానీ పై శబ్దం టార్చిలైటు వెలుగులా తిన్నగా పోతుంది. కాళ్ల దగ్గర ఉన్న ఆంప్ వెలుగు ముందు వరుసవాళ్ల చెవుల్లో పడుతుంది. దానికి పైన నిలబడ్డ వాద్యకారుడికి బొంగురుగానే వినపడుతుంది. అతను ట్రెబుల్ పెంచుతాడు. ముందు వరుసలోని మామ్మగార్లు చెవులు మూసుకుంటారు. మూలలో పెడితే గోడలు బాస్‌ను పెంచుతాయి. బోలుగా ఉన్న చెక్క వేదిక డోలులా దాన్ని ఇంకా మోగిస్తుంది.

ఆంప్‌ను ఒక గట్టి కుర్చీ మీద పెట్టండి. లేదా వెనక్కి వాల్చి వాద్యకారుడి చెవి వైపు తిప్పండి. ఇటుక ముక్కలు పెట్టినా చాలు, జారిపోకుండా చూసుకోవాలి. గోడకు ఒకటి రెండు అడుగుల దూరం ఉంచాలి. తన శబ్దం తనకు సరిగా వినపడిన కుర్రాడు వాల్యూమ్ తనంతట తానే తగ్గిస్తాడు. మాకు ఖర్చు లేకుండా దొరికిన అన్నిటికంటే గొప్ప మందు ఈ కుర్చీయే.

ఆంప్ ముందు మైకు పెట్టి మండపానికి వినిపించడం మంచి పద్ధతి. 1965 నుంచి వస్తున్న షూర్ ఎస్ఎం57 లాంటి మైకు ఈ పనికి పేరు పొందింది. స్పీకరు జాలీకి ఒకటి రెండు అంగుళాల దూరంలో పెట్టాలి. స్పీకరు నట్టనడుమ పెడితే పదునుగా, అంచు వైపు జరిపితే మెత్తగా పడుతుంది. నడిమికి, అంచుకు మధ్యలో మొదలుపెట్టి ఒక్కో అంగుళం జరుపుతూ వినండి. మిక్సర్ మీద మీటలు తిప్పడం కంటే ఇది త్వరగా తేలుతుంది.

కొందరు కుర్రాళ్లు ఆంప్ లేకుండా ప్రాసెసర్ పెట్టెను నేరుగా మిక్సర్‌కు కలుపుతారు. గిటారు స్పీకరు సుమారు 5,000 హెర్ట్జ్ దాటిన శబ్దాన్ని బాగా తగ్గించేస్తుంది. స్పీకరు లేనప్పుడు ఆ గరగర అంతా దోమల రొదలా వస్తుంది. అందుకే మిక్సర్‌కు పోయేటప్పుడు ప్రాసెసర్‌లో క్యాబినెట్ సిమ్యులేషన్ అనేది వేసి ఉంచాలి. అదే పెట్టెను ఆంప్‌కు కలిపితే దాన్ని ఆపేయాలి. రెండూ ఉంటే గొంతు నొక్కినట్టు ఉంటుంది.

మాటకు చోటు ఇవ్వడం

ఇదే అసలు విషయం. గిటారు కింది తీగ 82 హెర్ట్జ్ దగ్గర, పై తీగ చివరి మెట్లు సుమారు 1,200 హెర్ట్జ్ దగ్గర పలుకుతాయి. ఆడ, మగ గొంతులు పాడే స్వరాలూ చాలావరకు ఈ పరిధిలోవే. అంటే గిటారు, గొంతు ఒకే అరుగు మీద కూర్చున్న ఇద్దరు. ఒకరు జరిగితేనే రెండోవారికి చోటు.

పాటలో రాగాన్ని అచ్చులు మోస్తాయి, అర్థాన్ని హల్లులు మోస్తాయి. హల్లుల పదును ఎక్కువగా 2,000 నుంచి 4,000 హెర్ట్జ్ ప్రాంతంలో ఉంటుంది, స, శ లాంటివి ఇంకా పైకి పోతాయి. గిటారు గరగర కూడా అక్కడే పడుతుంది. ఆ రెండూ ఢీకొంటే త ఏదో ట ఏదో, స ఏదో శ ఏదో వినేవారికి తెలియదు. పైగా లోతు శబ్దం బలంగా ఉంటే పై శబ్దాన్ని కప్పేస్తుంది. అందువల్ల గిటారు బాస్ ఎక్కువైనా మాట పోతుంది, గరగర ఎక్కువైనా మాట పోతుంది.

మైకుసెట్టు కుర్రాడితో మేము మూడు పనులు చేయించాం. గిటారు చానెల్‌లో 100 హెర్ట్జ్ కింద ఉన్నదంతా కోయించాం. కింది తీగ స్వరం పోతుందేమోనని కుర్రాడు అడ్డుపడ్డాడు. స్వరం పోదు, దాని పై అంశలను పట్టుకుని చెవి ఆ స్వరాన్ని గుర్తుపడుతుంది. ఆ కింద ఉన్నది బాస్ గిటారుకు వదిలేయాలి. రెండోది, 200 నుంచి 400 హెర్ట్జ్ మధ్య గిటారును కొద్దిగా తగ్గించాం. బూబూమనే మసక అక్కడే ఎక్కువ. మూడోది, 3,000 హెర్ట్జ్ చుట్టూ గిటారును కాస్త తగ్గించి, ఆ చోటు అమ్మాయిల గొంతులకు ఇచ్చాం.

మీటలతో పాటు వాయించే తీరు కూడా మారాలి. కీబోర్డు ఎడమ చెయ్యి, బాస్, గిటారు కింది తీగలు మూడూ ఒకే చోట తొక్కుకుంటే ఏ మిక్సరూ విడదీయలేదు. కీబోర్డు అమ్మాయిని చరణాల్లో ఎడమ చెయ్యి ఎత్తేయమన్నాం. గిటారు కుర్రాణ్ణి పై మూడు నాలుగు తీగల మీద వాయించమన్నాం. మాట పలికేటప్పుడు మెల్లగా, మాట ఆగిన చోట గట్టిగా. కచేరీలో వయొలిన్ విద్వాంసుడు చేసేది అదే కదా. గాయకుడు పాడుతుండగా వెనక నడుస్తాడు, ఆగగానే అందుకుంటాడు.

కరెంటు రొద, ప్రాణం సంగతి

మన కరెంటు 50 హెర్ట్జ్‌ది. దాని రొద గుంయ్‌మంటూ గిటారులో చేరి స్పష్టతను తినేస్తుంది. సింగిల్ కాయిల్ ఉంటే సీరియల్ లైట్లకు, డిమ్మర్లకు, ట్రాన్స్‌ఫార్మర్లకు దూరంగా నిలబడాలి. కొద్దిగా పక్కకు తిరిగినా రొద తగ్గే చోటు ఒకటి దొరుకుతుంది. ఆంప్‌కు, మిక్సర్‌కు వీలైతే ఒకే బోర్డు నుంచి కరెంటు తీసుకుంటే ఎర్త్ తేడాల వల్ల వచ్చే రొద తగ్గుతుంది.

కొందరు రొద పోవడానికి ప్లగ్గులో ఎర్త్ పిన్ను విరిచేస్తారు, లేదా రెండు పిన్నుల అడాప్టరు వాడతారు. దయచేసి ఆ పని ఎప్పుడూ చేయకండి. గిటారు తీగలు ఆంప్ ఎర్త్‌కు కలిసి ఉంటాయి. ఒక చెయ్యి తీగల మీద, పెదవి మైకు మీద ఉన్నప్పుడు రెండిటి ఎర్త్‌లో తేడా ఉంటే కరెంటు మనిషి గుండా పోతుంది. 1972 మే నెలలో స్టోన్ ద క్రోస్ బృందపు గిటారు వాద్యకారుడు లెస్ హార్వీ, బ్రిటన్‌లోని స్వాన్సీ నగరంలో వేదిక మీదే, ఎర్త్ సరిగా లేని మైకు తాకి చనిపోయాడు. పందిళ్లలో జనరేటర్లు పెట్టే మనలాంటి సంఘాలు ఈ సంగతి మరిచిపోకూడదు. ఎర్త్‌ను ఎలక్ట్రీషియన్‌తో పరీక్ష చేయించండి. వేదిక బోర్డుకు 30 మిల్లీ ఆంపియర్ల ఆర్‌సీసీబీ పెట్టించండి. పిల్లలు మనల్ని నమ్మి వేదిక ఎక్కుతున్నారు.

అరగంట పరీక్ష

ఇవన్నీ కలిపి మేము ఒక వరుస పెట్టుకున్నాం. ముందు పాడే గొంతు ఒక్కటే. మండపం వెనక నిలబడ్డ మనిషికి ప్రతి మాటా తెలిసే వరకు దాన్నే సరిచేయాలి. తర్వాత డ్రమ్స్, బాస్ కలపాలి. గొంతు ఇంకా తెలుస్తోందా చూడాలి. ఆ తర్వాత కీబోర్డు. చివరగా గిటారును సున్నా నుంచి మెల్లగా పెంచుతూ, మాట మసకబారే చోట ఆపి, అక్కడి నుంచి కొద్దిగా వెనక్కి తేవాలి. వినే మనిషి ఆ పాట ముందు విని ఉండకూడదు. పాట వచ్చినవారి చెవి మాటలను ఊహించుకుంటుంది.

కుదిరిన అమరికను కాగితం మీద రాసి పెట్టుకోండి. ప్రతి మీట గుర్తు, ఆంప్ ఉన్న చోటు, మైకు దూరం. ఆఫీసులో గుమస్తాగా ఇన్నేళ్లు చేసిన అలవాటు మాకు ఇక్కడ పనికొచ్చింది. వచ్చే ఏడు మళ్లీ మొదటి నుంచి వెతుక్కోనక్కరలేదు.

ఈ ఏడు ఉగాదికి అదే ఆంప్, అదే గిటారు, అదే మండపం. ఖర్చయింది కొత్త తీగలకు, అద్దెకు తెచ్చిన తెరలకు, ఎలక్ట్రీషియన్‌కు. ఆంప్ మీద వాల్యూమ్ మీట పోయినేడాది కంటే కిందే ఉంది. గిటారు మాత్రం పోయినేడాది కంటే బాగా వినిపించింది. రెండో పాటలో వచ్చిన వాద్యానికి చప్పట్లు కొట్టారు. ఆ కుర్రాడు తలెత్తి జనాన్ని చూడటం మేము అప్పుడే చూశాం.

కార్యక్రమం అయ్యాక అదే మామ్మగారు మళ్లీ పిలిచారు. "ఈసారి ప్రతి మాటా వినపడింది నాయనా. మూడో పాటలో ఆ పిల్ల 'చెరువు'ను 'చేరువు' అంది" అన్నారు. నిజమే. ఒడియా లిపిలో మన ఎ, ఏలకు వేర్వేరు గుర్తులు లేవు. పిల్ల ఒడియాలో రాసుకుంది కాబట్టి అలా పలికింది. పోయినేడాది కూడా అలాగే పలికి ఉంటుంది, కానీ ఆ మోతలో ఎవరికీ తెలియలేదు.

ఇప్పుడు ఆదివారం మధ్యాహ్నం ఆ అమ్మాయిలిద్దరూ మామ్మగారింటికి వెళ్లి తెలుగు అక్షరాలు దిద్దుకుంటున్నారు. గిటారు కుర్రాడూ వెళుతున్నాడు.